పదార్థ విజ్ఞానం – నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉదాహరణలతో పరిచయం

పదార్థ విజ్ఞానం అనగా పదార్థాల అంతర్నిర్మాణానికి, వాటి గుణాలకు మధ్య గల సంబంధాన్ని పరిశీలించే శాస్త్రం. ఈ జ్ఞానాన్ని ఆధారం చేసుకొని ఒక పనికి తగిన పదార్థాన్ని ఎంచుకోవటం, తయారుచేయటం, అది ఎందువల్ల చెడిపోతుందో తెలుసుకోవటం పదార్థ ఇంజనీరింగ్ అనిపించుకుంటుంది. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, లోహ శాస్త్రం, భూగర్భ శాస్త్రం ఇందులో కలుస్తాయి. ఇటీవలి కాలంలో జీవశాస్త్రం, వైద్యశాస్త్రం కూడా దీనితో ముడిపడ్డాయి.

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమైన పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ శాస్త్రానికి అవసరమైన ఉదాహరణలు చాలా లభిస్తాయి. ఇక్కడి నేల అడుగున ఉన్నది ప్రధానంగా గ్రానైటు శిల. దానిని తొలిచి బోరుబావులు వేస్తారు. శిలలోని ఖనిజాల నుండి నీటిలోకి చేరిన ఫ్లోరైడు అనేక గ్రామాలలో మనుషుల పళ్ళను, ఎముకలను దెబ్బతీసింది. ఆ ఫ్లోరైడును తొలగించటానికి వాడినవి కూడా పదార్థాలే. ఒక పదార్థం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు విడిగా సమాధానం లేదని, దాని నిర్మాణం, వాడే పని, మోతాదు తెలిస్తేనే సమాధానం చెప్పగలమని ఈ ఉదాహరణలు తెలియజేస్తాయి.

ప్రాంతం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడింది. ఈ వ్యాసంలో నల్గొండ, మహబూబ్‌నగర్ అన్నచోట పూర్వపు ఉమ్మడి జిల్లాలు అని గ్రహించాలి.

మూల సూత్రం

పదార్థ విజ్ఞానంలో ఏ సమస్యనైనా నాలుగు అంశాల ద్వారా పరిశీలిస్తారు.

* అంతర్నిర్మాణం: పరమాణువులు ఏవి, అవి ఏ అమరికలో ఉన్నాయి, స్ఫటికాలు ఎంత పెద్దవి, పగుళ్ళు, రంధ్రాలు ఎక్కడ ఉన్నాయి అనే వివరాలు.
* తయారీ విధానం: కరిగించటం, కాల్చటం, చల్లార్చటం, సాగగొట్టటం మొదలగునవి.
* గుణాలు: బలం, కాఠిన్యం, విద్యుద్వాహకత, నీటిలో కరిగే స్వభావం మొదలగునవి.
* పనితీరు: వాడుకలో ఆ పదార్థం ఎంతకాలం, ఎంత బాగా నిలుస్తుంది అనేది.

ఈ నాలుగింటిలో ఒకటి మారితే మిగిలినవి కూడా మారుతాయి. తయారీ విధానం నిర్మాణాన్ని, నిర్మాణం గుణాలను, గుణాలు పనితీరును నిర్ణయిస్తాయి.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కార్బన్. వజ్రం, పెన్సిలులోని గ్రాఫైటు రెండూ కార్బన్ పరమాణువులతో ఏర్పడినవే. వజ్రంలో ప్రతి పరమాణువు నాలుగు పరమాణువులతో అన్ని దిక్కులా గట్టిగా బంధించబడి ఉంటుంది. గ్రాఫైటులో పరమాణువులు పొరలుగా అమరి ఉంటాయి. పొరల మధ్య బంధం బలహీనం కాబట్టి అవి సులభంగా జారిపోతాయి, కాగితం మీద గీత పడుతుంది. వజ్రాలు భూమి లోపల సుమారు 150 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ లోతులో అధిక పీడనం వద్ద ఏర్పడతాయి. వాటిని పైకి మోసుకువచ్చే శిలలలో ముఖ్యమైనది కింబర్లైట్. మహబూబ్‌నగర్ జిల్లా నారాయణపేట ప్రాంతంలో కింబర్లైట్ శిలలను గుర్తించారు. అయితే కింబర్లైట్ ఉన్న ప్రతిచోటా వజ్రాలు ఉంటాయని భావించరాదు.

పదార్థాల వర్గీకరణ

* లోహాలు, మిశ్రలోహాలు: ఇనుము, ఉక్కు, రాగి, అల్యూమినియం. ఇవి విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి, విరిగిపోయేముందు సాగుతాయి.
* సిరామిక్ పదార్థాలు: ఇటుక, పెంకు, పింగాణీ, సిమెంటు, అల్యూమినా. ఇవి గట్టివి, వేడిని తట్టుకుంటాయి, కాని పెళుసుగా ఉంటాయి.
* పాలిమర్లు: చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడిన పొడవైన అణువులు. నూలు, పట్టు, రబ్బరు సహజమైనవి, పాలిథీన్, పి.వి.సి. కృత్రిమమైనవి.
* సంయుక్త పదార్థాలు: రెండు, అంతకంటే ఎక్కువ పదార్థాలు కలిసి ఒంటరిగా వేటికీ లేని గుణాలను ఇచ్చేవి. ఎముక, వెదురు, ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు ఇందుకు ఉదాహరణలు.
* అర్ధవాహకాలు: సిలికాన్ వంటివి. సౌర ఫలకాలు, కంప్యూటరు చిప్పులు వీటితో తయారవుతాయి.

గద్వాల చీరను ఒకే వస్త్రంలో రెండు పాలిమర్ల ఉదాహరణగా చూడవచ్చు. సంప్రదాయ గద్వాల చీరకు ఒడలు నూలుది, అంచు, కొంగు పట్టువి. నూలు సెల్యులోజ్ అనే చక్కెర అణువుల గొలుసు, పట్టు ఫైబ్రోయిన్ అనే ప్రోటీను. ప్రోటీనుకు పట్టే ఆమ్ల రంగులు సెల్యులోజ్‌కు సరిగా పట్టవు. అందువలన రెండు రకాల దారాలకు రంగుల ఎంపిక వేరుగా ఉండాలి. తడిసినప్పుడు నూలు దారం బలం కొంత పెరుగుతుంది, పట్టు దారం బలం కొంత తగ్గుతుంది. పట్టు అంచును నీటిలో గట్టిగా రుద్దకూడదు అనటానికి ఇది ఒక కారణం.

బోరుబావిలోని పదార్థాలు

వర్షపాతం తక్కువగా, చెరువులు, కాలువల నీరు అందని గ్రామాలలో వ్యవసాయానికి, తాగునీటికి బోరుబావే ఆధారం అయింది. ఒక్క బోరుబావిలో దాదాపు అన్ని తరగతుల పదార్థాలు కనిపిస్తాయి.

గ్రానైటు: ఈ ప్రాంతపు గ్రానైటు శిలల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా చల్లారినందున వీటిలోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరిగాయి. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఇందులోని ముఖ్య ఖనిజాలు. నొక్కుడు బలానికి గ్రానైటు 100 నుండి 250 మెగాపాస్కల్‌ల వరకు తట్టుకుంటుంది. లాగుడు బలానికి మాత్రం అందులో పదోవంతు దగ్గరే పగిలిపోతుంది. బండ మీద మంటపెట్టి రాయిని చీల్చే సంప్రదాయ పద్ధతి ఈ బలహీనత మీద ఆధారపడినదే. వేడికి పై పొర వ్యాకోచిస్తుంది, లోపలి రాయి చల్లగానే ఉంటుంది. క్వార్ట్జ్ పక్కనున్న ఫెల్డ్‌స్పార్ కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఈ తేడాల వలన రాతి లోపల లాగుడు బలం పుట్టి బండ పొరగా లేచివస్తుంది. పగలని గ్రానైటులో నీరు నిలవదు. పైనున్న శిథిలమైన పొరలోను, లోతున ఉన్న పగుళ్ళలోను మాత్రమే నీరు దొరుకుతుంది. పక్కపక్కనే వేసిన రెండు బోర్లలో ఒకదానిలో నీరు పడి, రెండవది ఎండిపోవటానికి ఇదే కారణం.

బిట్టు: క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలబద్దపై 7. మామూలు ఉక్కు దీనిని ఎక్కువసేపు తొలవలేదు. అందువలన బోరు బండి సుత్తి చివర ఉండే ఉక్కు బిట్టుకు టంగ్‌స్టన్ కార్బైడు గుండీలు బిగిస్తారు. టంగ్‌స్టన్ కార్బైడు కాఠిన్యం సుమారు 9, కాని అది ఒంటరిగా పెళుసైనది. దాని పొడిలో కొద్దిపాటి కోబాల్టు లోహం కలిపి, సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే కోబాల్టు గింజల మధ్య జిగురులా అతుక్కుంటుంది. గింజలు రాతిని నలగగొడతాయి, కోబాల్టు దెబ్బను ఓర్చుకుంటుంది. ఈ సంయుక్త పదార్థాన్ని 1920 దశకంలో జర్మనీలో రూపొందించారు.

కేసింగ్ పైపు: పైనున్న మెత్తని మట్టి, గరుసు బావిలోకి కూలకుండా దించే గొట్టం ఇది. ఉక్కు గొట్టం బలమైనదే కాని తుప్పు పడుతుంది. పి.వి.సి. గొట్టం తుప్పు పట్టదు, తేలిక, చవక. అయితే ఎండలో చాలాకాలం ఉంచితే అతినీలలోహిత కిరణాల వలన పెళుసెక్కుతుంది.

మోటారు: ఇందులో విద్యుత్తును ప్రసరించేది రాగి తీగ. అయస్కాంత క్షేత్రానికి దారి ఇచ్చేది సిలికాన్ కలిపిన ఉక్కు రేకులు. తీగల చుట్టలు ఒకదానికొకటి తగలకుండా కాపాడేది పలుచని పాలిమర్ పూత. వోల్టేజి తగ్గినప్పుడు అదే భారాన్ని లాగటానికి మోటారు ఎక్కువ విద్యుత్తు ప్రవాహాన్ని తీసుకుంటుంది, తీగలు వేడెక్కుతాయి. ముందుగా దెబ్బతినేది రాగి కాదు, పాలిమర్ పూత. అది చెడగానే తీగలు కలిసిపోయి మోటారు కాలిపోతుంది. ఒక వ్యవస్థ జీవితకాలం అందులోని అతి బలహీనమైన పదార్థం మీద ఆధారపడి ఉంటుందని రైతుకు భారీ ఖర్చుతో తెలియజెప్పే ఉదాహరణ ఇది.

రాయి నుండి నీటిలోకి ఫ్లోరైడు

నల్గొండ గ్రానైటులలో ఫ్లోరిన్ శాతం సాధారణ గ్రానైటుల కంటే ఎక్కువ అని పరిశోధనలలో తేలింది. ఇది ఫ్లోరైట్, అపటైట్ ఖనిజాలలోను, అభ్రకంలోను ఉంటుంది. పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీరు ఈ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి మళ్ళీ ఘనరూపం పొందుతుంది. సోడియం, బైకార్బనేటు ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువైన క్షారగుణం గల నీటిలో ఫ్లోరైడు కరిగే ఉండిపోతుంది. వానలు తక్కువై, ఎండలకు నీరు ఆవిరయ్యే మెట్టప్రాంతంలో ఈ పరిస్థితి తరచుగా ఏర్పడుతుంది.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. భారత ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు తదితర మండలాలలోని అనేక బావులలో ఈ పరిమితికి చాలా రెట్లు ఎక్కువ నమోదైంది. నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఎముక అనే పదార్థం

ఎముక ఒక సహజమైన సంయుక్త పదార్థం. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. మిగిలినది ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీను, నీరు. ఖనిజం గట్టిదనాన్ని, కొల్లాజెన్ వంగి ఓర్చుకొనే గుణాన్ని ఇస్తాయి. బిట్టులో కార్బైడు, కోబాల్టు చేసే పని వంటిదే ఇది.

ఫ్లోరైడు అయాను పరిమాణంలోను, విద్యుదావేశంలోను హైడ్రాక్సిల్ అయానుకు దగ్గరగా ఉంటుంది. అందువలన అపటైట్ స్ఫటికంలో దాని స్థానాన్ని ఆక్రమించగలదు. ఇలా ఏర్పడిన ఫ్లోర్ అపటైట్ ఆమ్లంలో త్వరగా కరగదు. కొద్ది మోతాదులో ఇది పంటిపై పింగాణీ పొరకు రక్షణ. టూత్‌పేస్టులలో ఫ్లోరైడు కలపటానికి కారణం ఇదే. మోతాదు పెరిగితే ఫలితం తిరగబడుతుంది. పళ్ళు ఏర్పడే బాల్యంలో ఎక్కువ ఫ్లోరైడు తాగినవారికి పంటి మీద తెల్లని, గోధుమరంగు మచ్చలు, గుంటలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలలో కొత్త ఖనిజం క్రమం తప్పి పేరుకుంటుంది, కీళ్ళ దగ్గర స్నాయువులు కూడా గట్టిపడతాయి, వెన్నెముక బిగుసుకుపోతుంది.

ఎక్స్-రే చిత్రంలో ఇటువంటి ఎముక మామూలు ఎముక కంటే దట్టంగా కనిపిస్తుంది. దట్టంగా ఉన్నది బలంగా ఉంటుందని భావించటం సరికాదు. గట్టిదనం వేరు, పగులును అడ్డుకునే శక్తి వేరు. ఖనిజానికి, కొల్లాజెన్‌కు మధ్య సరైన అమరిక చెదిరినప్పుడు ఎముక బరువు పెరిగినా పెళుసవుతుంది. దీని ఫలితం మనుషుల జీవితాలలో కనిపించింది. నడివయసులోనే నడుము వంగిపోయినవారు, మెడ తిప్పలేనివారు, కింద కూర్చుంటే లేవలేనివారు ఈ గ్రామాలలో ఎందరో ఉన్నారు. ఎముకలలో వచ్చిన మార్పులను పూర్తిగా సరిచేసే చికిత్స లేదు. నివారణ ఒక్కటే మార్గం.

ఫ్లోరైడును తొలగించే పదార్థాలు

నీటిని మరిగించటం వలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఫ్లోరైడు గాఢత పెరుగుతుంది. గుడ్డతో వడకట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే అది తేలియాడే మలినం కాదు, కరిగి ఉన్న అయాను.

నల్గొండ పద్ధతి: నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో వెలువరించిన ఈ పద్ధతి జిల్లా పేరుతోనే ప్రసిద్ధి చెందింది. నీటిలో సున్నం, పటిక, క్రిములను చంపటానికి బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక నుండి మెత్తని అల్యూమినియం హైడ్రాక్సైడు తరకలు ఏర్పడి ఫ్లోరైడును తమతో పట్టుకొని అడుగుకు దిగుతాయి. పైనున్న తేటనీటిని వడకడతారు. ఇంట్లో బకెట్టుతోను, ఊరికి పెద్ద తొట్టెలతోను దీనిని అమలు చేయవచ్చు. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా ఈ పద్ధతిని వాడారు. దీని పరిమితులు కూడా గమనించాలి. పటిక మోతాదును ప్రతి ఊరి నీటికి వేరుగా లెక్కించాలి, అడుగున చేరిన బురదను జాగ్రత్తగా పారవేయాలి, మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది.

ఉత్తేజిత అల్యూమినా: అల్యూమినియం హైడ్రాక్సైడును కొన్ని వందల డిగ్రీల వద్ద వేడిచేస్తే అందులోని నీరు పోయి సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. ఒక గ్రాము గుళికల లోపలి ఉపరితలం 200 చదరపు మీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉండవచ్చు. ఫ్లోరైడు ఈ ఉపరితలానికి అంటుకుంటుంది. దీనిని అధిశోషణం అంటారు. కొంతకాలానికి ఉపరితలం నిండిపోతుంది. అప్పుడు కాస్టిక్ సోడాతో, తరువాత ఆమ్లంతో కడిగి తిరిగి వాడతారు. ఈ పని సకాలంలో జరగకపోతే యంత్రం నడుస్తున్నట్టే ఉంటుంది కాని ఫ్లోరైడు పోదు.

రివర్స్ ఆస్మాసిస్ పొర: ఇది పాలిఅమైడు అనే పాలిమర్‌తో చేసిన అతి పలుచని పొర. పీడనంతో నీటి అణువులను పంపి, అయాన్లను చాలావరకు ఆపుతుంది. అయితే కొంత నీరు గాఢమైన ఫ్లోరైడుతో వ్యర్థంగా బయటికి పోతుంది. దానిని బావి పక్కనే వదిలితే సమస్య మళ్ళీ నేలలోకి చేరుతుంది.

వీటన్నిటికంటే మేలైనది ఫ్లోరైడు లేని నీటిని తేవటం. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా శుద్ధిచేసిన కృష్ణా జలాలను ఈ జిల్లాల గ్రామాలకు పైపులతో అందించారు.

సున్నపురాయి, సిమెంటు, నాగార్జునసాగర్

నల్గొండ జిల్లా దక్షిణ భాగంలో కృష్ణా నదికి దగ్గరగా హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, దామరచర్ల ప్రాంతాలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. అందువలన అక్కడ అనేక సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సున్నపురాయిని, బంకమన్నును పొడిచేసి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే కాల్షియం సిలికేట్ల గడ్డలు ఏర్పడతాయి. వీటిని క్లింకర్ అంటారు. దీనికి కొద్దిగా జిప్సం చేర్చి నూరితే సిమెంటు అవుతుంది. సిమెంటు గట్టిపడేది ఎండి కాదు, నీటితో చర్య జరిపి. కొత్త కట్టడాన్ని రోజుల తరబడి తడపటం అందుకే అవసరం.

నల్గొండ, పల్నాడు జిల్లాల మధ్య కృష్ణానదిపై ఉన్న నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967లో ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. సుమారు 124 మీటర్ల ఎత్తు గల ఈ కట్టడం రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది. అప్పట్లో యంత్రాలు కొరత, రాయి, కూలీలు సమృద్ధి. కాబట్టి రాతికట్టును ఎంచుకోవటం పదార్థ ఎంపికకు చక్కని ఉదాహరణ. రాయికి లాగుడు బలం తక్కువ అని పైన చెప్పుకున్నాం. ఆ లోపం బయటపడకుండా ఆనకట్టను అడుగున వెడల్పుగా, పైన సన్నగా కట్టి, నీటి తోపుడును దాని సొంత బరువుతో అడ్డుకునేలా రూపొందించారు.

ఆనకట్ట ఈ జిల్లాలోనే ఉన్నా, ఎడమ కాలువ కంటే ఎత్తున ఉన్న పడమటి మెట్ట గ్రామాలకు ఆ నీరు దానంతట పారలేదు. ఆ గ్రామాలలో చాలా చోట్ల బోరు నీరే గతి అయింది.

తెలంగాణ ఉక్కు

ఈ జిల్లాల వెలుపల, ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు ప్రసిద్ధి. హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి తయారీ విధానాన్ని పరిశీలించి రాసిన వర్ణన 1832లో ప్రచురితమైంది. ఇనుమును, కార్బన్ ఇచ్చే పదార్థాన్ని మట్టి మూసలో పెట్టి, మూతవేసి, కరిగించి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఇలా 1 నుండి 2 శాతం కార్బన్ గల ఉక్కు వచ్చేది. దక్షిణ భారతపు ఉక్కు అనే మాటే ఐరోపా భాషలలో వుట్జ్‌గా మారిందని పండితుల అభిప్రాయం. మైకేల్ ఫారడే ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. ఈ ఉక్కును తగిన ఉష్ణోగ్రత మించకుండా కాచి సాగగొడితే పదునైన కత్తి అవుతుంది, మరీ వేడిచేసి కొడితే ముక్కలవుతుంది. మూల సూత్రంలో తయారీ విధానానికి ఉన్న ప్రాముఖ్యం దీనివలన తెలుస్తుంది.

అధ్యయనం, పరిశోధన

రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి ధ్రువణ సూక్ష్మదర్శినితో చూస్తే ఖనిజాలు వేరువేరుగా కనిపిస్తాయి. స్ఫటికంలో పరమాణువుల అమరికను ఎక్స్-రే వివర్తనం ద్వారా, పగుళ్ళ ఉపరితలాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ద్వారా పరిశీలిస్తారు.

ఈ ప్రాంత విద్యార్థులకు సమీపంలోని హైదరాబాదు పదార్థ పరిశోధనకు దేశంలో ముఖ్య కేంద్రాలలో ఒకటి. రక్షణ లోహ పరిశోధనాలయం 1963లో, అణు ఇంధన సముదాయం 1971లో, మిశ్రధాతు నిగమ్ 1973లో ఇక్కడ ఏర్పడ్డాయి. హైదరాబాదు ఐ.ఐ.టి., వరంగల్ ఎన్.ఐ.టి.లలో లోహ, పదార్థ ఇంజనీరింగ్ బోధిస్తారు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు ఈ కోర్సులలో చేరవచ్చు.

ఇవి కూడా చూడండి

* ఫ్లోరోసిస్
* నాగార్జునసాగర్
* గ్రానైటు
* సిమెంటు
* గద్వాల చీర